ఆకురాయి గీతలు

అయినా రెండు కుప్పలని బావ ఎందుకన్నాడో, నాకు మొదటి రోజు నుంచీ మూడు కనిపించాయి. షెడ్డు నేల మీద పాత దుప్పటి పరిచి, గిన్నెలు కాల్చే మా కరెంటు ఆవంలోంచి ఊడదీసిన సామానంతా దాని మీద పోశాడు. కుడివైపు మళ్ళీ వాడుకోదగినవి, ఎడమవైపు పారేయవలసినవి. పింగాణీ పూసలు, రాగి పట్టీలు, ఇనప్పెట్టెలోని మెయిన్ స్విచ్చి కుడివైపుకి వెళ్ళాయి. కాలి కాలి పెళుసెక్కి, వంచితే పుల్లలా విరిగే కాయిల్ తీగలు ఎడమవైపుకి. అంతవరకూ రెండు కుప్పలే, ఒప్పుకుంటాను. కాని పొద్దున్న నేను షెడ్డు తలుపు తీసేసరికి ఎడమవైపు కుప్పలోంచి ఒక వస్తువు లేచి వచ్చి కుడివైపు కూర్చుని ఉండేది. బావ పదింటికి వచ్చి దాన్ని కాలితో ఎడమవైపుకి తోసేవాడు. మర్నాడు మళ్ళీ కుడివైపు. పది రోజులు అలా తిరిగింది. ఏ కుప్పలోనూ నిలవని ఆ ఒక్కటే నా లెక్కలో మూడోది.

దాన్ని కాంటాక్టర్ అంటారు. ఇటుకలో సగం ఉండే నల్లటి డబ్బా. ఆవానికి కరెంటు ఇచ్చేదీ ఆపేదీ అదే. పక్కన గోడకి గడియారంలాంటి మీటరు ఉంటుంది, దానికి రెండు ముళ్ళు. ఎంత వేడి కావాలో అక్కడ ఎర్రముల్లు మనం పెడతాం. లోపలి వేడితో పాటు నల్లముల్లు తనే నడుస్తుంది. నల్లది వెళ్ళి ఎర్రదాన్ని తాకగానే కాంటాక్టర్ లోపలి రాగి నాలుకలు విడిపోవాలి, ఆవం ఆగాలి. విడిపోకుండా ఒకదానికొకటి అతుక్కున్నాయంటే ఆవానికి ఇక ఆగడం తెలియదు. లోపలున్నది కరిగి కారే దాకా కాలుస్తూనే ఉంటుంది.

ఆ వేసవిలో పాత ఆవాన్ని విప్పేశాం. ఇటుకలు వేలు తగిలితే పొడై రాలుతున్నాయి, చట్రాన్ని తుప్పు తినేసింది. కొత్త చట్రం వచ్చింది, కొత్త ఇటుకలు వచ్చాయి. లోపలి కరెంటు సామాను దగ్గరే వచ్చింది గొడవ. అక్క మొగుడు ఎలక్ట్రీషియను. అక్క ఏడ్చి, అలిగి, పదకొండేళ్ళ తర్వాత అతన్ని మా షెడ్డులోకి పంపింది. "తీగలు చుట్టుకునేవాడికి మట్టి సంగతి ఏం తెలుస్తుంది" అని పదకొండేళ్ళ కిందట నాన్న పదిమందిలో అన్న మాట ఇద్దరి మధ్యా ఇంకా ఆరలేదు. అందుకని వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు. నాతో మాట్లాడతారు.

"మీ బావకి చెప్పు, అది ముప్పై ఏళ్ళు పని చేసిన వస్తువు," అన్నాడు నాన్న, గిన్నెలు తిప్పే సారె ముందు నుంచి లేవకుండా.

బావ ఆయనకి నాలుగడుగుల దూరంలో నేల మీద కూర్చుని పింగాణీ పూసల్ని గుడ్డతో తుడుస్తున్నాడు. "మీ నాన్నగారికి చెప్పు, ముప్పై ఏళ్ళు పని చేసినవాళ్ళని పింఛనిచ్చి ఇంటికి పంపుతారు. కొత్త ఉద్యోగంలో పెట్టరు."

"విన్నావా? నన్నే అంటున్నాడు."

"నేను డబ్బాని అన్నాను మరదలా. ఆయన తన మీద వేసుకుంటే నేనేం చెయ్యను?"

"అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, నా మీద కోపం డబ్బా మీద చూపిస్తున్నాడని చెప్పు."

నేనేమీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు, ఇద్దరికీ చెవులున్నాయి. ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరి మధ్య మాటలు మోసే మనిషికి ఒక సుఖం ఉంది: ఆ మనిషి మాట ఎవరూ అడగరు. ఆ సుఖంలో నేను చాలా ఏళ్ళు బతికాను. గిన్నెలకి పూసే గ్లేజులు కలుపుకుంటూ, ఆవం నింపుకుంటూ, ఎవరి పక్షమూ కాని మనిషినని నాకు నేను చెప్పుకుంటూ. నిజానికి ఎవరి పక్షమూ కానివాళ్ళు ఉండరు. తమ పక్షం ఏదో బయటికి చెప్పనివాళ్ళు ఉంటారు, అంతే.

పదకొండో రోజు అక్క వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని దుప్పటి మీది సామాన్ని, మా ముగ్గుర్నీ వరసగా చూసింది.

"మీరు ఆవం కడుతున్నారా, నన్ను కాలుస్తున్నారా? ఇంటికొస్తే ఈయన మా నాన్నని తిడతాడు, ఇక్కడికొస్తే నాన్న ఈయన్ని తిడతాడు. ఆవం దగ్గర కూర్చునేది ఎవరు? ఇది. ఏమే, కాల్చేది నువ్వు కదా, నువ్వు చెప్పు. ఆ దిక్కుమాలిన డబ్బా పెట్టాలా, వద్దా?"

"దాన్నేం అడుగుతావు," అన్నాడు నాన్న. సారె ఆపలేదు. "ఆరేళ్ళుగా అదే డబ్బాతో కాలుస్తోంది. ఆరేళ్ళలో ఒక్కసారైనా మొరాయించిందేమో అడుగు. అడుగు, నేను వింటాను."

అక్క నావైపు చూసింది. బావ కూడా చూశాడు.

"లేదు," అన్నాను.

"అదీ మాట. దానికి పాపం ఏ రోగమూ లేదు. రోగం ఎవరికుందో ఆ అర మీద ఉంది, చూసుకోండి."

అర మీద ఏముందో చూడవలసిన పని ఎవరికీ లేదు. నేను గ్లేజు పూసే పీటకి సరిగ్గా ఎదురుగా, నా కళ్ళ ఎత్తులో, ఆరు గిన్నెలు ఒకదానిలోకి ఒకటి కుంగి, కరిగి, ఒకే ముద్దగా గట్టిపడి ఉంటాయి. షెడ్డుకి ఎవరొచ్చినా, ఇదేమిటండీ అని అడగకుండా పోరు. నాన్న అందరికీ ఒకే జవాబు చెప్తాడు: "అదా? మా చిన్నదాని కునుకు." తర్వాత సామెత: "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు." వచ్చినవాళ్ళు నవ్వుతారు. ఏడాది కష్టాన్ని ఒక్క దెబ్బతో పగలగొట్టే ఆ దుడ్డుకర్ర ఎవరో తెలిసి నావైపు చూసి మళ్ళీ నవ్వుతారు. నేనూ నవ్వడం నేర్చుకున్నాను.

ఆరేళ్ళ కిందట ఒక వేసవి మధ్యాహ్నం ఆవం ఆగవలసిన చోట ఆగలేదు. లోపల రెండు వందల గిన్నెలు. నాన్న బయటి నుంచి వచ్చి మెయిన్ స్విచ్చి లాగేసరికి నేను గోడకి తల ఆనించి ఉన్నాను. నిద్రపోయావన్నాడు. లేదన్నాను. కాంటాక్టర్ ఆగలేదేమో చూడమన్నాను. మర్నాడు ఆయనే దాన్ని విప్పాడు, అల్లుణ్ణి పిలవనివ్వలేదు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ చెప్పాడు: "డబ్బా శుభ్రంగా ఉంది. నువ్వే ఎర్రముల్లు తప్పు పెట్టి నిద్రపోయావు." అంతే. ఆ ఒక్క వాక్యం ఇంట్లోకి వచ్చి మాతో పాటు కాపురం పెట్టింది. ఎన్నోసార్లు ఆ మధ్యాహ్నాన్ని తలచుకుని, ఎర్రముల్లు పెట్టిన నా వేళ్ళనే నేను నమ్మడం మానేశాను.

అక్క వెళ్ళిపోయాక బయట కుళాయి దగ్గర బావ కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానో అప్పుడు నాకు తెలియదు. చెప్పాలని కాదు. మనసులో దాచుకున్నది కాళ్ళని తీసుకెళ్తుంది ఒక్కోసారి, నోటికి చెప్పకుండా.

"బావా, అది ఆరేళ్ళలో మొరాయించలేదన్నది నిజమే. కాని దానికి మొరాయించే అవకాశం నేనివ్వలేదు."

"అంటే?"

"నల్లముల్లు ఎర్రముల్లు దగ్గరికి వస్తుండగానే మెయిన్ స్విచ్చి నేనే లాగేస్తాను. ప్రతిసారీ. నాన్నకి తెలీదు."

బావ చెంబు కింద పెట్టి నన్ను చూశాడు. తర్వాత కుళాయి గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"ఆరేళ్ళుగా ఆ డబ్బా ఉద్యోగం నువ్వే చేస్తున్నావన్నమాట! జీతం లేదు, సెలవు లేదు. పేరు మాత్రం దానిది."

"నవ్వకు."

"నవ్వక? మీ ఇంట్లో వస్తువుల్ని నమ్ముతారు, మనుషుల్ని నమ్మరు. మనుషులేమో వస్తువుల్ని మోస్తారు. పద, దాని కడుపులో ఏముందో చూద్దాం. ఇన్నాళ్ళూ విప్పకపోవడం నాదే తప్పు. పాతదని చూడగానే పారేయమన్నాను."

నాన్న మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాడు. ఆయన లేచేలోగా మేము ఆ డబ్బాని గుమ్మం దగ్గర ఎండలో పెట్టి విప్పాం. నాలుగు స్క్రూలు. నల్లమూత లేచింది. లోపల మూడు జతల నాలుకలు. రెండు జతలు మసిపట్టి, చిన్న చిన్న గుంటలు పడి, వయసుకి తగ్గట్టు ఉన్నాయి. మూడో జత మెరుస్తోంది.

బావ నవ్వు ఆపేశాడు. స్క్రూడ్రైవరు కొనతో ఆ మెరిసే నాలుకని ఇవతలికి లాగి నా అరచేతిలో పెట్టాడు.

"ఏం కనిపిస్తోంది?"

"గీతలు."

"ఆకురాయి గీతలు. ఒకే దిక్కుకి, గట్టిగా నొక్కి గీసినవి. ఇదిగో, డబ్బా అంచున ఈ చెక్కు చూడు. ఇక్కడ స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తారు. ఈ రెండు నాలుకలూ ఎప్పుడో అతుక్కుపోయాయి మరదలా. ఎవరో వాటిని ఊడబెరికి, పైన గడ్డ కట్టింది కనిపించకుండా అరగదీశారు." నాలుక మొహాన్ని గోటితో చూపించాడు. "వాటి మొహాన వెండి తాపడం ఉంటుంది. అతుక్కోకుండా కాపాడేది అదే. అరగదీస్తే అది పోతుంది, రాగి బయటపడుతుంది. ఇంకా తొందరగా అతుక్కుంటుంది. అప్రెంటిసు కుర్రాడు చేసినా చెంప పగలగొడతాం దీనికి."

"నువ్వు చెయ్యలేదుగా?"

"నన్ను ఈ షెడ్డు గడప తొక్కనిచ్చిందెవరు?"

నాకు మొదట కోపం రాలేదు. ఆ సంగతి నిజాయితీగా చెప్పాలి. సంతోషం వచ్చింది. నీచమైన, వెచ్చటి సంతోషం, పరాయివాడి జేబులోంచి మన వస్తువు బయటపడినప్పుడు వచ్చేలాంటిది. ఎర్రముల్లు నేను సరిగానే పెట్టాను. నా వేళ్ళు నావే. ఆయనకి తెలుసు. ఊడబెరికినవాడికి అతుక్కుందని తెలియకుండా ఉంటుందా? తెలిసి, అరగదీసి, మూత బిగించి, చేతులు కడుక్కుంటూ ఆ వాక్యం చెప్పాడు. ఆరు గిన్నెల ముద్దని ఏరి తెచ్చి నా ఎదురుగా పెట్టాడు. ఇప్పుడు అదే డబ్బాని కొత్త ఆవంలో పెట్టమని ఎందుకు పట్టుబడుతున్నాడో కూడా అర్థమైంది. అది ఎడమవైపు కుప్పలో ఉన్నంతసేపూ పనికిరాని వస్తువు. అది పనికిరానిదైతే ఆరేళ్ళుగా అందరికీ చెప్పిన కథ కూడా పనికిరానిదే.

"పద, ఇప్పుడే పెద్దాయన్ని లేపి ముందు పెడదాం," అన్నాడు బావ. లేచి నిలబడ్డాడు కూడా. అతని కళ్ళు వెలుగుతున్నాయి.

ఆ వెలుగు చూసి నా సంతోషం చల్లారింది. అది నా కోసం వెలిగింది కాదు. పదకొండేళ్ళుగా అతను ఎదురుచూస్తున్న మాట నా అరచేతిలో దొరికింది. నా కోపాన్ని అతని కోపానికి ఎరువివ్వడం నాకిష్టం లేకపోయింది.

"వద్దు. నాది నేను చూసుకుంటాను."

"చూసుకుంటావా? ఆరేళ్ళ నుంచీ చూసుకుంటూనే ఉన్నావు," అని స్క్రూడ్రైవరు దుప్పటి మీద విసిరేసి వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు.

రాగి నాలుక నా ఏప్రాన్ జేబులో ఉంది. గ్లేజు కలుపుతుంటే తొడకి తగిలేది. నాన్న ఎదురుగా కూర్చుని తింటూ, ఉప్పెక్కువైందనో, బావ పని ఎగ్గొట్టాడనో, నా మొహం అలా ఉందేమిటనో అంటూ ఉంటే జేబులో చెయ్యి పెట్టి దాని అంచు నొక్కుకునేదాన్ని. ఇప్పుడు తీసి కంచం పక్కన పెడితే? ఈ ముద్ద మింగాక పెడితే? పెట్టలేదు. ధైర్యం లేక అనుకున్నాను మొదట. తర్వాత తెలిసింది, అదీ కాదు.

ఆ రెండు రోజులూ నేను ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ తవ్వాను. ఇంతకు ముందు ఎన్నోసార్లు తవ్వాను గాని, ఎప్పుడూ ఎర్రముల్లు దగ్గరే ఆగిపోయేదాన్ని. ఇప్పుడు ఎర్రముల్లు సంగతి తేలిపోయింది. దాని వెనక ఏముందో చూడక తప్పలేదు. రేకుల కప్పు వేడికి చిటపటమనడం గుర్తుంది. గోడ చల్లగా ఉందనుకోవడం గుర్తుంది. నల్లముల్లు ఎర్రదానికి రెండు వేళ్ళ దూరంలో ఉంది. ఆ తర్వాత మెయిన్ స్విచ్చి చప్పుడు, నాన్న గొంతు. మధ్యలో ఏమీ లేదు. ఎంత వెతికినా ఏమీ లేదు. మధ్యలో ఏమీ లేకపోవడాన్నే నిద్ర అంటారు.

డబ్బా అతుక్కుంది, నేను నిద్రపోయాను. రెండూ నిజమే. నేను మెలకువగా ఉండి ఉంటే నల్లముల్లు దాటగానే స్విచ్చి లాగేదాన్ని, గిన్నెలు దక్కేవి. ఆయన తన సగాన్ని ఆకురాయితో అరగదీశాడు. నేను నా సగాన్ని ఏ పనిముట్టూ లేకుండానే అరగదీసుకున్నాను. ఆయన అబద్ధానికి గీతలు మిగిలాయి. నాదానికి అవి కూడా లేవు.

మూడో రోజు పొద్దున బావ వచ్చాడు, వెనకే అక్క. అక్క మెడ పట్టి తెచ్చినట్టుంది అతని వాలకం. నాన్న అప్పటికే దుప్పటి దగ్గర వంగి నిలబడి ఉన్నాడు. చేతిలో మూత ఊడిన కాంటాక్టర్.

"దీన్ని విప్పిందెవరు?"

నాన్న డబ్బాని నావైపు తిప్పి చూపించాడు.

"అల్లుడుగారిని అడుగు చిన్నదానా. పక్కవాడి ఇంట్లో వస్తువు విప్పే ముందు అడగడం వాళ్ళ వైపు అలవాటు లేదా అని. ఇందులో ఒక నాలుక లేదు. నేను పెట్టమన్నది పెట్టడం ఇష్టం లేక పాడుచేశాడు."

"నాన్నా, ఊరుకో," అంది అక్క.

బావ నావైపు చూశాడు. నేను వద్దన్న మాటకి కట్టుబడి నోరు విప్పలేదు. ఆ ఒక్క సంగతికి అతన్ని మెచ్చుకోవాలి. 

నేను జేబులోంచి నాలుక తీసి నాన్న చేతిలో పెట్టాను.

ఆయనకి ఈమధ్య చూపు మందగించింది. కళ్ళకి ఎత్తి చూడలేదు కూడా. కుమ్మరివాడు చూసేది బొటనవేలితో. ఎండిన మట్టి చారలున్న ఆ వేలు రాగి మీద ఒక కొస నుంచి బయలుదేరి, మధ్యకి వచ్చి, అక్కడ ఆగింది. ఆగి, కొంచెం వెనక్కి వెళ్ళి, మళ్ళీ అదే చోటికి వచ్చింది.

"గీతలు ఎవరైనా గీస్తారు," అన్నాడు.

"ఎవరు?" అంది అక్క. "ఏం గీతలు? ఎవరైనా నాకు చెప్తారా?"

ఆయన అక్కవైపు తిరగలేదు. మొదటిసారి సూటిగా నా మొహంలోకి చూశాడు. "అవన్నీ తర్వాత. నువ్వు ముందు ఒకటి చెప్పు. ఆ రోజు నిద్రపోయావా, లేదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఆరేళ్ళుగా ఈ జవాబు నాకు కంఠతా వచ్చు. చేతికి సాక్ష్యం దొరికిన రోజున ఈసారైనా వేరే జవాబు చెప్పగలిగి ఉండేదాన్నేమో, బావ అక్కడ లేకపోతే, అక్క కళ్ళు అంత ఆశగా లేకపోతే. ఇవన్నీ తర్వాత వెతుక్కున్న కారణాలు. ఓడిపోతాననిపించింది, అంతే.

"లేదు," అన్నాను.

నాన్న నవ్వాడు. పెద్దగా కాదు, పెదవుల కొసన. "అయితే అదీ అతుక్కోలేదు," అని రాగి నాలుకని డబ్బాలో పడేసి సారె దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

అంతకంటే పెద్ద గొడవ ఏమీ జరగలేదు. ఆయన ఒప్పుకున్నాడని బావ ఆ రాత్రి అక్కతో అన్నాడట. నిజానికి ఆయన ఒప్పుకోలేదు. నా అబద్ధాన్ని, తన అబద్ధాన్ని ఒకే తక్కెడలో వేసి సమానంగా ఉన్నాయని చూపించాడు. అది నాకూ ఆయనకీ మాత్రమే తెలుసు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి దుప్పటి మీద కాంటాక్టర్ లేదు. కొత్త ఆవం పక్కనున్న పలక మీద బిగించి ఉంది. లోపలి నాలుక పెట్టి, మూత వేసి, నాలుగు స్క్రూలూ తిప్పి ఉన్నాయి. ఒకటి వంకరగా దిగింది. చూపు మందగించిన మనిషి చేతులతో తడుముకుంటూ ఎంతసేపు పడ్డాడో పాట్లు. నాన్న తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, టీ గ్లాసు చేతిలో చల్లారిపోయి ఉంది.

బావ వచ్చి చూశాడు. "అది ఉంటే నేను కరెంటు ఇవ్వను. ఎవరికైనా చెప్పు, ఎవరికీ చెప్పకపో, నీ ఇష్టం," అన్నాడు నాతో, గడప ఇవతలికి కూడా రాకుండా.

"ఇవ్వకపోతే ఇంకొకడిని పిలుస్తానని చెప్పు," అన్నాడు నాన్న.

నేను స్క్రూడ్రైవరు తీసుకున్నాను. నాన్న చూస్తూనే ఉన్నాడు. మొదటి మూడు తేలిగ్గా వచ్చాయి. వంకరగా దిగిన నాలుగోది రాలేదు. బావ సాయం చేస్తానని గడప దాటబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. చెమట కళ్ళల్లోకి కారింది. నా వీపు మీద రెండు జతల కళ్ళు. చివరికి అది కీచుమని కదిలింది. డబ్బాని తీసి దుప్పటి మీద పెట్టాను. ఎడమవైపు.

"కొత్తది పెట్టు బావా," అన్నాను.

"ఈ షెడ్డు ఎవరిది?" అన్నాడు నాన్న.

"నీదే. ఆవం దగ్గర కూర్చునేది నేను."

నాన్న గ్లాసులోని చల్లారిన టీ గుమ్మంలోంచి బయటికి పారబోశాడు. లేవలేదు. ఆ రోజు నుంచి నాతో కూడా మాట్లాడటం మానేశాడు. బావకీ ఆయనకీ మధ్య మాటలు మోసే పని నాకు తప్పింది. ఇంట్లో ఇంక మోయడానికి మాటలే లేవు.

వేసవి చివరి వారంలో మొదటి కాల్పు పెట్టాం. నూట ఇరవై గిన్నెలు, నా చేత్తో గ్లేజు వేసినవి. పొద్దున ఆరింటికి కరెంటు ఇచ్చి, పది దాకా చూసి, బావ వెళ్ళిపోయాడు. "ఇంక దీన్ని చూడక్కర్లేదు. దాని పని అది చేస్తుంది," అన్నాడు వెళ్తూ. సరేనన్నాను. అతను వీధి మలుపు తిరగగానే కుర్చీ లాక్కుని మెయిన్ స్విచ్చికి చెయ్యి అందేంత దూరంలో కూర్చున్నాను. అలవాటు.

పదకొండింటికి నాన్న వచ్చాడు. తన కుర్చీ తనే తెచ్చుకుని నాకు ఎదురుగా వేసుకున్నాడు. మీటరు వైపు వీపు పెట్టి, నావైపు మొహం పెట్టి. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, ఆయన ఆవాన్ని చూడటానికి రాలేదు. నా కళ్ళు చూడటానికి వచ్చాడు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. ఆయన భోజనానికి లేవలేదు, కాబట్టి నేనూ లేవలేదు. రేకుల కింద గాలి కదలడం లేదు. చెమటకి ఏప్రాన్ కుర్చీకి అంటుకుంది. ఒకే గదిలో ఇద్దరు మనుషులు నాలుగు గంటలు మాట్లాడుకోకుండా కూర్చుంటే ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళకి లెక్క తెలుస్తుంది. ముందు రోజంతా ఆవం నింపిన ఒళ్ళు. నిద్ర నా మెడ వెనక నుంచి ఎక్కుతోంది. నాలుక కొరుక్కున్నాను. తొడ గిల్లుకున్నాను. ఆరేళ్ళుగా నాకు తెలిసిన ఉపాయాలన్నీ వరసగా వాడాను. ఆయన ప్రతిదాన్నీ చూశాడు.

మూడింటికి నల్లముల్లు ఎర్రదానికి మూడు వేళ్ళ దూరంలోకి వచ్చింది.

"మూతలు పడుతున్నాయి," అన్నాడు నాన్న. మూడు వారాల తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది. గొంతులో జాలి లేదు. వలలో చేప కదిలినప్పటి గొంతు.

లేదు అనబోయాను. ఆ మాట నోటి దాకా వచ్చి, ఎప్పటిలాగే సిద్ధంగా నిలబడి ఉంది. దాన్ని పట్టుకుని ఇంకా ఎన్ని వేసవులు ఇలా ఈయన ఎదురుగా కళ్ళు తెరుచుకుని కూర్చోవాలో ఒక్కసారి కనిపించింది. ఈయన పోయాక కూడా ఈ కుర్చీ ఖాళీగా నా ఎదురుగానే ఉంటుంది.

"పడుతున్నాయి," అన్నాను. "ఆ రోజు కూడా పడ్డాయి."

ఆయన బొటనవేలు కుర్చీ చేతి మీదికి వెళ్ళింది.

"ఎంతసేపో నాకు తెలీదు. నువ్వు స్విచ్చి లాగిన చప్పుడుకే లేచాను."

"ఇప్పుడెందుకు చెప్తున్నావు?" అన్నాడు.

"నిద్రొస్తోంది కాబట్టి."

నా వాక్యం పక్కన పెట్టవలసిన ఇంకో వాక్యం ఆయన దగ్గర ఉంది. నేను ఎదురుచూశాను. ఆయన కుర్చీ చేతిని బొటనవేలితో రుద్దుతూ నేల చూశాడు. ఆ వాక్యం రాలేదు. ఇవాళే కాదు, ఎప్పటికీ రాదని ఆ వేలు చూస్తేనే తెలిసింది. ఆశ్చర్యమేమిటంటే, రాకపోయినా నా మాట నాదే అయింది. తక్కెడలోంచి నా సగం నేను తీసేసుకున్నాను.

లేచాను. మూల నుంచి మట్టి బస్తాల గోనె ఒకటి తెచ్చి, దులిపి, ఆవానికి అవతలి పక్క, కాస్త నీడగా ఉన్న చోట పరిచాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు. "ముల్లు దగ్గరికొచ్చే వేళయింది. ఎవరు చూస్తారు దీన్ని?"

"ఎవరూ చూడక్కర్లేదు. నీకు నమ్మకం లేకపోతే చూసుకో."

"నాకు ముళ్ళు కనిపించవని తెలుసుగా నీకు!"

"దగ్గరికి జరుగు."

చెప్పులు విడిచి గోనె మీద పక్కకి ఒత్తిగిలి పడుకున్నాను. మట్టివాసన ముక్కుకి తగిలింది.  తర్వాత ఆయన కుర్చీ నేల మీద రాసుకుంటూ మీటరు వైపుకి జరిగింది. ఆగింది. ఇంకొంచెం జరిగింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. మోచెయ్యి తల కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.